యంత్రయుగంలో సాదా బండి

మన కళాశాల ప్రధాన ద్వారానికి ఎదురుగా, రోడ్డుకు ఆవలిపక్కన ఒక టీ దుకాణం ఉన్నది. ఆ దుకాణం గోడకు ఆనించి ప్రతి ఉదయం ఒక నల్లని సైకిలు నిలిచి ఉండటం నేను చాలా రోజులు గమనించాను. దుకాణం యజమానిదే కాబోలునని అనుకున్నాను. ఒకనాడు నేను టీ తాగుతుండగా మన డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు ఆ సైకిలు మీద వచ్చి దిగినాడు. నన్ను చూచి తడబడినాడు. "లోపల పెట్టుకోవచ్చు గదా, నాయనా?" అని అడిగితే తలవంచుకొని, "లోపల అన్నీ బండ్లు ఉంటాయి సార్" అన్నాడు.

ఆ జవాబు నన్ను చాలా దినాలు వెంటాడింది. సైకిలు బండి కాకుండా ఎప్పుడు పోయింది? మా తాతగారి కాలంలో బండి అంటే ఎడ్లబండి. మా నాన్నగారి యౌవనంలో సైకిలు ఉన్నవాడిని బండి ఉన్నవాడనే లెక్కించేవారు; పెండ్లి కట్నాలలో సైకిలుకు, చేతి గడియారానికి, రేడియోకు గౌరవస్థానం ఉండేది. ఇవాళ బండి అంటే మోటారు బండి. అందులోనూ ముందుభాగాన తెర వెలిగేది, సెల్‌ఫోనుతో మాట్లాడేది, తాళంచెవి లేకుండానే కదిలేది అయితేనే బండి. మాట అర్థం మారడం భాషకు సహజమే. కాని ఆ మార్పుతోపాటు ఒక యువకుడు తన వాహనాన్ని దాచుకునే స్థితికి వస్తే, అది భాషాశాస్త్రం చర్చించి వదిలివేయవలసిన విషయం కాదు.

సాంకేతిక విజ్ఞానం ఇంతగా పెరిగిన ఈ కాలంలో సాదా వాహనానికి ఇంకా స్థానం ఉన్నదా? ఉన్నదనీ, ఉండటమే కాదు, నేటి మనిషికి దాని అవసరం వెనుకటికంటె హెచ్చిందనీ నా అభిప్రాయం. ఈ విషయంలో నేను పూర్తిగా తటస్థుడను కానని ముందే మనవి చేస్తున్నాను. నేను ఒక సైకిలు మేస్త్రి కుమారుడను.

మా నాన్నగారి దుకాణం బస్టాండు దగ్గర ఒక వేపచెట్టు కింద ఉండేది. రేకుల పందిరి, ఒక చెక్కపెట్టె, సగం నీళ్ళు నింపిన ఇనుప తొట్టి, నిలువెత్తు గాలిపంపు, చెట్టుకొమ్మకు వేలాడే పాత టైర్లు. ఇదే ఆస్తి. అద్దెకిచ్చే సైకిళ్ళు ఆరు ఉండేవి. పల్లెల నుండి వచ్చే రైతులు ఆయనను "సాయిబూ" అని పిలిచేవారు. పనివాళ్ళ పిల్లలు "ఉస్తాద్" అనేవారు. ట్యూబు విప్పి, గాలి నింపి, తొట్టిలో కొంచెం కొంచెంగా ముంచి, బుడగ లేచినచోట వేలు పెట్టి, అక్కడ గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను పూసి, అది ఆరేదాకా ఓపికగా ఊది, ప్యాచి అతికించే ఆయన చేతులను చూస్తూ నేను ఎక్కాలు వల్లించాను. బుడగ ఎక్కడ లేస్తే రంధ్రం అక్కడే ఉన్నది. యంత్రం అబద్ధం చెప్పదు, దాచుకోదు. చూచే కన్ను ఉన్నవానికి తన రోగాన్ని తానే చూపిస్తుంది. సాదా యంత్రానికి నేను ఎరిగిన మొదటి లక్షణం ఇదే.

సాదాతనమంటే చౌకదనం కాదు, పాతదనం అంతకన్నా కాదు. ఒక యంత్రం ఏ పనికోసం పుట్టిందో ఆ పనిని చక్కగా చేయాలి. చేయలేనప్పుడు దాని లోపం యజమానికి గాని, వీధిచివరి మేస్త్రికి గాని తెలియాలి. మామూలు పనిముట్లతో బాగుపడాలి. ఈ మూడు గుణాలు కలిసినదే సాదా యంత్రం.

సైకిలు చరిత్రే ఇందుకు మంచి నిదర్శనం. 1817లో జర్మనీలో కార్ల్ వాన్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల కొయ్యబండిని చేసి, దానిపై కూర్చొని కాళ్ళతో నేలను తన్నుకుంటూ నడిపినాడు. దానికి పెడళ్ళు లేవు. తరువాత పెడళ్ళు ముందు చక్రానికే అమరినాయి; వేగం కోసం ఆ చక్రాన్ని మనిషి ఎత్తుకు పెంచినారు; పడితే తల పగిలేది. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ దాదాపు సమానమైన రెండు చక్రాలు, వెనుక చక్రాన్ని తిప్పే చైను గల 'రోవర్' సైకిలును రూపొందించినాడు. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి నింపిన టైరుకు పేటెంటు పొందినాడు. అంతే. టీ దుకాణం గోడకు ఆనించిన మన విద్యార్థి సైకిలు ముఖ్యమైన సంగతులన్నింటిలో ఆ సైకిలుకు మునిమనుమడే. ఇన్నేండ్లలో విమానాలు వచ్చినాయి, రాకెట్లు వచ్చినాయి, కంప్యూటరు వచ్చింది. సైకిలు ఆకారం మాత్రం నిలిచింది. మార్చడం చేతగాక కాదు, మార్చవలసిన అవసరం తక్కువగా ఉండటం వల్ల. 1973లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ఇంజనీరింగు ఉపన్యాసకుడు ఎస్. ఎస్. విల్సన్ 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో ఒక వ్యాసం వ్రాసి, బరువును దూరానికి మోయడానికి ఖర్చయ్యే శక్తిని లెక్కిస్తే జంతువులన్నింటికంటె, యంత్రాలన్నింటికంటె సైకిలు తొక్కే మనిషే ముందుంటాడని చూపినాడు. దీనిని వెనుకబడినవారి వాహనమని ఈసడించేవారు ఈ లెక్కను జ్ఞాపకముంచుకొనవలె.

మోటారు వాహనాలలోనూ ఇటువంటివి లేకపోలేదు. తెల్లవారుజామున ఏ ఊరి రోడ్డు మీద నిలబడినా సరే, మోపెడు మీద రెండుపక్కలా పాల క్యానులు వేలాడవేసుకొని వచ్చే మనిషి ఒకడు మనకు తటస్థపడతాడు. అతని వెనుక చేపల ఐసుపెట్టె కట్టుకొన్నవాడు, కూరగాయల మూటల మధ్య ముఖం మాత్రమే కనిపించేవాడు, పచ్చగడ్డి మోపుతో కదిలే పొదవలె వచ్చేవాడు. హోసూరులోని టీవీఎస్ కర్మాగారం ఇద్దరు కూర్చోగలిగిన మోపెడును మన దేశంలో తొలిసారిగా 1980లో విడుదల చేసింది. నాటి నుండి ఆ బండి వంశం కొనసాగుతూనే ఉన్నది. 2015లో దానికి వంద సి.సి.కి కొంచెం తక్కువగా ఉండే నాలుగు స్ట్రోకుల ఇంజను వచ్చింది. గేర్లు లేవు. సీటుకు, హ్యాండిలుకు నడుమ చదునుగా వదిలిన జాగాయే దాని ప్రధానాకర్షణ. బియ్యం బస్తా అయినా, గ్యాసు బండ అయినా అక్కడ నిలుస్తుంది. వెనుక సీటు తీసివేస్తే అదే సామాను బల్ల. పత్రికల మెరుపుపుటలలో దాని అందాన్ని వర్ణించేవారు అరుదు. అయినా పొలానికీ సంతకూ మధ్య ఈ దేశం బ్రతుకు సగం దాని మీదనే నడుస్తున్నదంటే అతిశయోక్తి చాలా స్వల్పం.

ఇది పేద దేశపు సరుకని చప్పరించేవారికి ఫ్రాన్సు కథ ఒకటి చెప్పవలె. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందే సిట్రోయెన్ కంపెనీ అధిపతి పియరీ బూలాంజే తన ఇంజనీర్లకు ఒక పని అప్పగించినాడు. ఇద్దరు రైతులను, యాభై కిలోల బంగాళాదుంపలను గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో తీసుకుపోవాలి. వంద కిలోమీటర్లకు మూడు లీటర్ల పెట్రోలు మించకూడదు. దున్నిన పొలానికి అడ్డంగా నడిపినా బుట్టలోని కోడిగుడ్డు ఒక్కటి పగలకూడదు. యుద్ధం ముగిసిన తరువాత 1948లో పారిస్ ప్రదర్శనలో ఆ కారును చూచి పత్రికలవాళ్ళు నవ్వినారు. తొమ్మిది గుర్రాల శక్తిగల చిన్న ఇంజను, గుడ్డ పైకప్పు, విప్పి బయట పరచుకోగల సీట్లు. నవ్విన నాపచేనే పండిందన్న సామెత అక్కడ నిజమైంది. '2సీవీ' అనే ఆ కారు 1990 వరకు, నలుబది రెండేండ్లు తయారైంది. ఆ కారుకు ఇచ్చిన లక్ష్యంలో 'విలాసం' లేదు, 'హోదా' లేదు. గుడ్డు ఉన్నది, బంగాళాదుంప ఉన్నది, రైతు ఉన్నాడు. ఉపయోగించేవాని జీవితాన్ని తెలిసికొని చేసిన యంత్రం అతనికి వినయంగా సేవ చేస్తుంది.

ఇక నేటి వాహనాలను చూతాము. విండు తుడిచే వైపరుకు, గాలిపంకాకు కూడ తెర మీద వ్రేలితో వెదకవలసిన కార్లు వచ్చినవి. ఆ వెదుకులాటలో డ్రైవరు చూపు రోడ్డు వీడుతున్నదని గ్రహించి, కార్ల భద్రతను పరీక్షించే ఐరోపా సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుండి పూర్తి మార్కులు కావాలంటే హారను, దిక్కుసూచీ దీపాలు, వైపర్లు మొదలైనవాటికి చేతికి తగిలే మీటలు, బొత్తాలు ఉండాలన్నది. అంటే ఒక పెద్ద చుట్టు తిరిగి లోకం మళ్ళీ బొత్తాము దగ్గరకే వచ్చిందన్నమాట! 2022లో బీఎండబ్ల్యూ సంస్థ కొన్ని దేశాలలో కారులో ముందే బిగించి ఉన్న వెచ్చని సీటును వాడుకోవడానికి నెలనెలా చందా అడిగింది. కొన్నవారు ఈసడించుకోగా 2023లో ఆ పద్ధతిని విరమించింది. 2021లో ప్రపంచమంతటా చిప్పుల కరవు వచ్చినప్పుడు, బొటనవ్రేలి గోరంత వస్తువు లేక మహా కర్మాగారాలు ఆగిపోయినవి. మరొకవైపు టొయోటా కంపెనీ 2023లో థాయ్‌లాండులో 'హైలక్స్ చాంప్' అనే మోటుబండిని విడుదల చేసింది. వెనుక ఉత్త బల్ల, దానిపై ఎవరికి కావలసినది వారు బిగించుకోవడానికి బోల్టు రంధ్రాలు. సాదా వాహనంపై మోజు ఏదో గతకాలపు మమకారం మాత్రమే అయితే ఇంత పెద్ద వ్యాపారసంస్థ దాని మీద పెట్టుబడి పెట్టేదా?

నా స్వానుభవం ఒకటి మనవి చేస్తాను. రెండేండ్ల క్రితం నేనూ కాలంతో నడవాలని అప్పుచేసి ఒక విద్యుత్ స్కూటరు కొన్నాను. మొదటి నెలలు అది నిజంగా ముద్దుగా నడిచింది. శబ్దం లేదు, పొగ లేదు. ఒక మధ్యాహ్నం ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరాన, నీడ లేని రోడ్డు మీద హఠాత్తుగా ఆగిపోయింది. తెర మీద ఎర్రని అక్షరాలు మాత్రం స్పష్టంగా వెలిగినవి: సర్వీసు కేంద్రాన్ని సంప్రదించవలెనట! ఆ కేంద్రం అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నది. మేస్త్రి కొడుకును గనుక వంగి చుట్టూ చూచినాను. విప్పడానికి ఒక నట్టు అయినా నా కంటికి కనబడలేదు. అరగంటకు మోపెడు మీద ఖాళీ పాలక్యానులతో వచ్చిన ఒక పెద్దమనిషి, "ఎక్కి కూర్చో సారూ, హ్యాండిలు గట్టిగా పట్టుకో" అని చెప్పి, తన కుడికాలు నా స్కూటరుకు ఆనించి, పన్నెండు కిలోమీటర్లూ నన్ను నెట్టుకుంటూ ఊరికి చేర్చినాడు. స్కూటరు పందొమ్మిది దినాల తరువాత బాగుపడి వచ్చింది. దానికి ఏమి జబ్బు చేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే "సాఫ్టువేరు" అన్నారు. మా నాన్నగారి తొట్టిలో లేచే బుడగ నాకప్పుడు జ్ఞాపకం వచ్చింది.

నా వాదానికి ఇక్కడ ఒక హద్దు గీయవలసి ఉన్నది. విద్యుత్ మోటారు నిజానికి పెట్రోలు ఇంజనుకంటె ఎంతో సరళమైనది. కదిలే భాగాలు దానిలో బహు తక్కువ. మన వీధులలో తిరిగే ఈ-రిక్షాను చూడండి. మోటారు, బ్యాటరీలు, కంట్రోలరు. దానిని బాగుచేసే కుర్రవాడు ప్రతి పట్టణంలోనూ తయారైనాడు. కాబట్టి తప్పు కొత్తదనానిది కాదు, తలుపులు మూసిపెట్టడానిది. యజమానిని, మేస్త్రిని బయట నిలబెట్టి తాళం వేసుకున్న యంత్రం ఎంత తెలివైనదైనా, మనలను తెలివిలేనివారినిగా మిగులుస్తుంది. ఈ సంగతి గుర్తించే, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు 2012లో ఓటు వేసి వాహనాల మరమ్మతు హక్కును సమర్థించుకున్నారు; కొలరాడో రాష్ట్రం 2023లో రైతుల ట్రాక్టర్ల విషయంలో అటువంటి శాసనమే చేసింది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడ 2022లో మరమ్మతు హక్కును పరిశీలించడానికి ఒక కమిటీని నియమించింది. అందులో వ్యవసాయ యంత్రాలు, సెల్‌ఫోనులతోపాటు మోటారు వాహనాలు కూడ చేరినవి.

ప్రతిపక్షం వారి మాటలోనూ సత్యమున్నది. దానిని దాచిపెట్టి వాదించడం అధ్యాపకునికి తగదు. రెండు స్ట్రోకుల పాత ఇంజనులు నూనె కలిసిన పెట్రోలును కాల్చి వీధులను పొగతో నింపినవి. 2020 ఏప్రిల్ నుండి అమలైన బీఎస్-6 నిబంధనల మూలంగా నేటి మోపెడులో సైతం ఇంధనాన్ని లెక్కకట్టి అందించే ఎలక్ట్రానిక్ పరికరం వచ్చింది. మా మెకానిక్కు మిత్రులు దానిని తిట్టుకున్నారు; కాని ఆ గాలిని పీల్చే పిల్లల ఊపిరితిత్తులు తిట్టుకోవు. అట్లే, 2014లో జరిపిన ఢీకొట్టు పరీక్షలలో మన చవక కార్లు కొన్ని ఒక్క నక్షత్రమైనా సంపాదించలేకపోయినవి. వాటిలో టాటా నానో ఒకటి. ఎయిర్‌బ్యాగు, చక్రం జారకుండా ఆపే బ్రేకు, తలకు హెల్మెటు - ఇవి ఆడంబరాలు కావు. ప్రాణాన్ని కాపాడేది ఏదీ ఆడంబరం కాదు. ఏది మనిషిని కాపాడుతున్నది, ఏది మనిషిని పరాధీనుని చేస్తున్నది అని వేరుచేసి చూచే వివేకమే మనకు కావలసినది.

నానో కథలో మరొక పాఠమున్నది. 2008లో ఢిల్లీ ప్రదర్శనలో లక్ష రూపాయల కారుగా అది లోకాన్ని ఆశ్చర్యపరచింది; 2009లో అమ్మకానికి వచ్చింది; 2018లో తయారీ నిలిచింది. స్కూటరు మీద తడిసిపోయే కుటుంబాన్ని చూచి రతన్ టాటా కన్న కల అది. ఉద్దేశం గొప్పది. కాని దానిని అన్నిటికన్న చవక కారుగా ప్రచారం చేయడం పొరపాటైందని తరువాత ఆయనే అంగీకరించినాడు. పేదవానికి సాదా వస్తువు ఇష్టమే. 'నీవు పేదవాడవు' అని నుదుట వ్రాసే వస్తువు మాత్రం ఇష్టం కాదు. మోపెడు కొన్న పాలవాడు తన పేదరికాన్ని కొనడం లేదు, తన పనిని కొంటున్నాడు. ఈ తేడా మన విద్యార్థి సైకిలు విషయంలో కూడ వర్తిస్తుంది. అతడు సిగ్గుపడింది సైకిలుకు కాదు. మనమందరమూ కలిసి సైకిలుకు అతికించిన అర్థానికి.

సైకిలు గౌరవం పెంచిన అర్థాలు కూడ చరిత్రలో లేకపోలేదు. 1990వ దశకం ఆరంభంలో తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. వారిలో ముస్లిం స్త్రీలూ ఉన్నారు. వెక్కిరింపులు వారిని ఆపలేకపోయినవి. బీహారు ప్రభుత్వం 2006లో హైస్కూలు బాలికలకు సైకిళ్ళనిచ్చే పథకం పెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దానిని పరిశీలించి, ఆ పథకం మూలంగా హైస్కూలులో చేరే బాలికల సంఖ్య 32 శాతం పెరిగిందనీ, బాలబాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గిందనీ 2017లో ప్రకటించినారు. ఏ మహాయంత్రం సాధించింది ఇటువంటి విజయాన్ని? నడుమ కడ్డీ లేకుండా, చైనుకు పూర్తి కవరుతో, చీరకొంగు గాని బురఖా అంచు గాని చిక్కకుండా వలకట్టిన లేడీస్ సైకిలు ఒక బాలికకు బడిని దగ్గర చేసింది. తండ్రి తీరికకు, అన్న దయకు ఎదురుచూడనవసరం లేకుండా చేసింది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో నూటికి సుమారు 45 ఇండ్లలో సైకిలు ఉండగా, కారు గల ఇండ్లు నూటికి ఐదు కూడ లేవు. కళాశాలలో బండ్లు నిలిపే చోటును ఎవరికోసం కట్టవలెనో ఆలోచించేటప్పుడు ఈ రెండు అంకెలు కండ్ల ముందుంచుకోవడం మంచిది.

ఇప్పుడు చెప్పడానికి కష్టమైన మాట ఒకటి చెప్పి తీరవలె. మన సమాజాన్ని కించపరచదలచినవారు, "పంక్చర్లు వేసుకునేవాళ్ళు" అని ఒక మాట వాడుతుంటారు. ఆ మాట వినని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. ఆ మాటకు మనం ఇచ్చే జవాబు ఏమిటి? "మాలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు" అని. ఆ జవాబు నిజమే గాని, దానిలో ఒక ఓటమి దాగి ఉన్నది. పంక్చరు వేయడం నీచమైన పనే అని ముందుగా ఒప్పుకొన్న తరువాతనే ఆ జవాబు మొదలవుతుంది. నేనూ ఆ ఓటమిని అనుభవించినవాడనే. ఎం.ఏ.లో చేరినప్పుడు దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అన్నచోట 'వ్యాపారం' అని వ్రాసినాను. చదువురాని మా నాన్నగారు సంతకం పెట్టబోతూ, "ఇక్కడేమి రాసినావురా?" అని అడిగినారు. చదివి వినిపించినాను. కొంచెం సేపు ఊరుకొని, "నేనెప్పుడు వ్యాపారినైనాను? ఉన్నది రాసి ఉంటే బాగుండేది" అన్నారు. కోపపడలేదు. ఆ కాగితం మీద ఆయన సంతకం పక్కన పడిన నల్లని గ్రీజు వ్రేలిముద్ర నా అబద్ధానికి సాక్ష్యంగా విశ్వవిద్యాలయంలో ఏదో ఒక కట్టలో ఇప్పటికీ ఉండి ఉంటుంది. ఆయన ఇప్పుడు లేరు. ప్రతి జూన్ మాసంలో ప్రవేశ దరఖాస్తులు సరిచూచేటప్పుడు 'వ్యాపారం', 'ప్రైవేటు ఉద్యోగం' అని వ్రాసిన పిల్లల ముఖాలు చూస్తాను. కొందరి తండ్రుల దుకాణాలు నాకు తెలుసు. నేను ఏమీ అనను. అనే అర్హత నాకు లేదు.

కాని వ్రాయగలను గనుక వ్రాస్తున్నాను. ఆ దుకాణాలలో ఉన్నది విద్య. శబ్దం విని బేరింగు అరిగిందని చెప్పడం, రిమ్ము వంకరను కంటితోనే కొలిచి ఏ స్పోకు బిగించాలో, ఏది వదలాలో నిర్ణయించడం, లేని భాగానికి మారుభాగం కల్పించడం ఒక్కనాట పట్టుబడేవి కావు. బండ్లన్నీ తాళం వేసుకున్న పెట్టెలుగా మారిపోతే మొదట మూతపడేవి ఈ దుకాణాలే. సాదా వాహనం నిలవడమంటే ఒక యంత్రం నిలవడం మాత్రమే కాదు, ఒక విద్య, దానిపై ఆధారపడిన వేలాది గౌరవప్రదమైన బ్రతుకులు నిలవడం. అదే సమయంలో కొత్త యంత్రాల తాళంచెవులు కూడ మన పిల్లల చేతికి రావలె. వారు కంప్యూటరు పెట్టి కొత్త బండి రోగాన్ని చదవడమూ నేర్వవలె, తొట్టిలో బుడగను చూడడమూ నేర్వవలె.

కళాశాల పాలకవర్గం పెద్దలకు నా విన్నపాలు మూడే. క్రిందటి సంవత్సరం కార్లు నిలపడానికి చోటు చాలక తీసివేసిన సైకిళ్ళ షెడ్డును ప్రధానద్వారం పక్కనే, అందరికీ కనబడేటట్లు మళ్ళీ వేయించండి. వెనుక ప్రహరీ మూలన కాదు. అక్కడ ఒక గాలిపంపు, ఒక పనిముట్ల పెట్టె ఉంచండి. ఖర్చు ఒక వార్షికోత్సవపు పూలదండలకంటె మించదు. రెండవది, శనివారం మధ్యాహ్నాలలో మన పట్టణపు మెకానిక్కులను ఒక్కొక్కరిని గౌరవవేతనమిచ్చి పిలిపించి, విద్యార్థులకు, విద్యార్థినులకు కూడ, సైకిలు మొదలుకొని విద్యుత్ స్కూటరు వరకు మరమ్మతు నేర్పించండి. వారు వచ్చి బల్లకు ఆవలిపక్కన, అధ్యాపకుని స్థానంలో నిలబడవలె. మూడవది, దూరపు పేటల నుండి నడిచివచ్చే విద్యార్థినులకు అద్దె లేకుండ ఇవ్వడానికి పది లేడీస్ సైకిళ్ళు కొనండి. మొదటి సైకిలు ధర నేను ఇచ్చుకుంటాను. అది మా నాన్నగారి పేరున కాదు, 'సైకిలు మేస్త్రి' అన్న ఆయన వృత్తి పేరున ఉండవలెనని నా కోరిక.

విద్యార్థి మిత్రులారా! మీరు రేపు ఏ కారు ఎక్కినా, ఏ విమానం ఎక్కినా నాకు సంతోషమే. మా నాన్నగారు ఆరు అద్దె సైకిళ్ళతో నన్ను ఎం.ఏ. చదివించింది నేను కూడ పంపు కొట్టాలని కాదు. కాని మీరు ఎక్కిన యంత్రానికి మీరు యజమానులో, కేవలం ప్రయాణికులో అప్పుడప్పుడు ప్రశ్నించుకోండి. ఆ ప్రశ్న వేసుకొనే అలవాటు సాదా బండి దగ్గర తేలికగా అలవడుతుంది.

చివరగా ఒక్క మాట. మన కళాశాలలో రెండు భాషలు కలిసి బ్రతుకుతున్నాయి. ఉర్దూ తరగతిలో పాఠం చెప్పే గురువును మీరు 'ఉస్తాద్' అంటారు. వీధి చివర గ్రీజు చేతులతో చక్రం సరిచేసేవానినీ 'ఉస్తాద్' అనే పిలుస్తారు. ఆ భాష ఇద్దరికీ ఒకే మాట ఇచ్చింది. నన్ను మీరు ఆ మాటతో పిలిచినప్పుడల్లా, అది మొదట ఎవరికి చెందినదో నాకు జ్ఞాపకం వస్తుంది.

రేపు ఉదయం ఆ నల్లని సైకిలును టీ దుకాణం గోడ దగ్గర చూడకూడదని, మన ద్వారం లోపల చూడాలని కోరుకుంటున్నాను.